లప్పం

మా బడి హెడ్మాస్టరు రిటైరైన రోజది. షామియానా వేసినాం. శాలువా కప్పినారు, దండలు వేసినారు. చివర్లో నేను చేసిన పెన్నును చిన్న డబ్బాలో పెట్టి చేతికిచ్చినారు. మైకు పట్టుకున్న లెక్కల సారు, "మన సోషల్ సారు సొంత చేతుల్తో చేసిన రోజ్‌వుడ్ పెన్ను" అని ప్రకటించినాడు. చప్పట్లు పడినాయి. హెడ్మాస్టరు పెన్నును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, "అద్దం మాదిరుందయ్యా" అన్నాడు.

ముందు వరసలో నేలమీద కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లోడొకడు లేచి నిలబడినాడు. యానాది కాలనీ పిల్లోడు. "సార్, అది మన సర్కారు తుమ్మ గదా సార్! నేనే గదా తెచ్చిచ్చింది" అన్నాడు. వాడి గొంతులో ఎగతాళి లేదు. సంబరం. వాళ్ల కాలనీ వెనక కొట్టిన కట్టె స్టేజీ ఎక్కిందని సంబరం. పిల్లోళ్లు గొల్లుమన్నారు. లెక్కల సారు "రేయ్, కూర్చోరా" అన్నాడు. నేను ఏమీ అనలేదు. గుడ్లురిమి వాడి వైపు చూసినా, అంతే. వాడు కూర్చున్నాడు.

ఆ చూపు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు నామీద ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. అది ఇప్పుడు నా కళ్లలోంచి ఎట్లా వచ్చింది? దాన్ని వెతుక్కుంటా రాస్తున్నా ఇది.

నిజానికి రోజ్‌వుడ్ అని నేను చెప్పలేదు. నాలుగు రోజుల ముందు స్టాఫ్ రూములో పెన్ను చూపించినప్పుడు ఒకాయన "రోజ్‌వుడ్డే గదా?" అన్నాడు. నేను నవ్వినా. ఆ నవ్వే అవునైపోయింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరవాల్సిన పనిలేదని మాకు చిన్నప్పుడే తెలుసు.

మాది పులికాట్ ఒడ్డు. సూళ్లూరుపేట నుంచి సరస్సు వైపు పోతే తగిలే పల్లెల్లో ఒకటి. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. చలికాలంలో ఫ్లెమింగోలను చూడ్డానికి కార్లలో వస్తారు జనం. సరస్సుకు అవతల రాకెట్లు లేచే శ్రీహరికోట. వచ్చినోళ్లు తీసుకునే ఫోటోల్లో పక్షులుంటాయి, నీళ్లుంటాయి, వెనకాల మసగ్గా ముళ్ల కంప ఉంటుంది. ఆ కంపే మా బతుకు. సరస్సులో వల వేసే చోట్లను వంతులేసి పంచుకునే 'పాడు' పద్ధతి కులం కట్టుబాటుగానే నడిచింది. అందులో మా మాదిగోళ్లకు వంతు లేదు. నీళ్లలో చేప మాది కాదు, గట్టున చేను మాది కాదు. మిగిలింది ఎవరూ అడగని సర్కారు తుమ్మ.

ఆ చెట్టు ఈ దేశానిది కాదు. 1877లో తెల్లదొరల కాలంలో మన కడప జిల్లా కమలాపురం పక్కన విత్తనాలు వేయించినారు, వంటచెరుకు కోసమని. అక్కణ్ణుంచి పాకి పాకి ఉప్పు నేలల దాకా వచ్చింది. నేలలో తేమంతా తాగేస్తుందని, ఇంకో చెట్టును బతకనీయదని అంటారు. నిజమే. నేనూ క్లాసులో అదే చెప్తా. కానీ చెప్పేటప్పుడు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మా అమ్మా నాయనా నన్ను చదివించింది ఆ చెట్టుతోనే. తుమ్మ మొద్దులు కొట్టి, దొంతర పేర్చి, పైన ఆకూ అలమూ వేసి, మట్టి మెత్తి, నిప్పు పెట్టేవాళ్లు. బొగ్గుల బట్టీ. రాత్రిళ్లు ఒకరు నిద్రపోతే ఒకరు కాపలా. ఎక్కడన్నా మట్టి పగిలి గాలి దూరిందా, బొగ్గంతా బూడిదే. మా యమ్మ అరిచేతుల గీతల్లో బొగ్గు ఇంకిపోయింది. సబ్బుకు పోదు. అరికాళ్లలో విరిగిన ముళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అంతమంది మొద్దులు కొట్టినారు గదా, ఆ కట్టె లోపల ఎట్లుంటుందో చూసినోళ్లు లేరు. చూడ్డానికి టైమేదీ? కాల్చడానికే అది. మొదటిసారి ఒక మొద్దును అడ్డంగా కోసి, రుద్ది, నీళ్లతో తడిపి చూసినప్పుడు నేనే నోరు తెరిచినా. పైన పచ్చటి తెల్లచెక్క సన్నగా, లోపలంతా చేవ. కాగిన బెల్లం రంగు, అక్కడక్కడా ఎరుపు జీర. పురుగు తెల్లచెక్కను తొలుస్తుంది గానీ చేవ జోలికి పోదు. ఇంకో మంచి గుణం, ఎండేటప్పుడు పెద్దగా కుంచించుకుపోదు, మెలి తిరగదు.

నీడన ఆర్నెల్లు ఎండినాక ముప్పావు అంగుళం చదరంలో, ఐదంగుళాల పొడుగున ముక్క కోస్తా. దాన్ని రెండు చేసి, ఒక్కోదానికి నడిమధ్యన ఏడు మిల్లీమీటర్ల బెజ్జం వేయాల. తుమ్మ గట్టిది. తొందరపడి దించితే బెజ్జం కాలి పొగొస్తుంది, ముక్క పగులుతుంది. కొంచెం దించి, పైకి లాగి, పొట్టు రాల్చి, మళ్లీ దించాల. బెజ్జంలోకి ఇత్తడి గొట్టం బంకతో దిగేసి ఒక రాత్రి వదిలేస్తా. తెల్లారి దాన్ని ఇనప కడ్డీకి గుచ్చి లేతుకు ఎక్కిస్తా. మా పక్క ముసలోళ్లు తరిమెన అంటారు దాన్ని. నిమిషానికి రెండువేల చుట్లు తిరిగే కట్టెకు ఉలి ఆనిస్తే ముందు టకటకమని కొడుతుంది, నాలుగు మూలలూ పోయేదాకా. ఆ తర్వాత చప్పుడు మారుతుంది. సన్న దారాల మాదిరి పొట్టు లేచి చేతిమీద పడుతుంది, వెచ్చగా. ఆ చప్పుడు కోసమే ఆదివారాలు నేను అన్నం మర్చిపోయేది.

తర్వాత ఉప్పు కాగితం. 120 నంబరుతో మొదలుపెట్టి 180, 240, 320, 400, 600. ఒక్కో నంబరు అయినాక లేతు ఆపి కట్టె పొడుగునా చేత్తో రుద్దాల, లేకపోతే చుట్టూరా గీతలు మిగులుతాయి. 600 దాటేసరికి వేలికి పట్టుగుడ్డ మాదిరి తగుల్తుంది. కానీ కంటికి? వెలుగుకు పెట్టి చూడండి. కంతలు. సూదితో పొడిచినట్టు, గీరినట్టు, కట్టె పొడుగునా కంతలే. అవి ఉలి చేసిన తప్పు కాదు. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకి తాగిన దార్లు. టేకుకూ ఉంటాయి, వేగిసకూ ఉంటాయి, ఆ గొప్ప రోజ్‌వుడ్‌కూ ఉంటాయి. అంకుడు కర్రకు కంటికి ఆనవు కాబట్టే ఏటికొప్పాక బొమ్మల మీద లక్క అంత నున్నగా కూర్చుంటుంది. రాజమండ్రి రత్నం పెన్నులు 1930ల నుంచి పేరుమోసినవే, అవీ లేతు మీద చేసినవే, కానీ వాటిది ఎబొనైటు. రబ్బరు జాతి. దానికి ఈనె లేదు, కంత లేదు. రుద్దేకొద్దీ మెరుస్తుంది. కట్టెకు ఆ అదృష్టం లేదు.

వడ్రంగులు కంతలకు లప్పం పెడతారు. సుద్దపొడి, లక్కపాలిషు, కొంచెం రంగు కలిపి గుడ్డతో ఈనెకు అడ్డంగా రుద్దుతారు. కంతల్లోకి దిగి కూర్చుంటుంది. ఎండినాక మళ్లీ రుద్ది, పైన పాలిషు మీద పాలిషు. నేను మొదట చేసిన పెన్నుకు రంగు కలపడం తెలీక ఉట్టి సుద్ద పెట్టినా. బడి సుద్దముక్కే, నూరి. ఎండినాక చూస్తే ఎర్రటి కట్టె నిండా తెల్లటి చుక్కలు. ఎండాకాలంలో పులికాట్ అంచున బురద మీద ఉప్పు పేలినట్టు. దాచాలనుకున్నదే ముందు కనిపించింది. తర్వాత ఇంకో పద్ధతి నేర్చుకున్నా. అదే కట్టె పొడి, చుక్క చుక్కగా చురుకు బంక వేసి, తిరుగుతుండగానే రుద్దితే పొడీ బంకా కలిసి కంతల్లో గడ్డకడతాయి. కట్టె రంగే కాబట్టి కంటికి దొరకదు. దానిమీద బంకే పది పదిహేను పూతలు. కళ్లు మండుతాయి, ముక్కు మండుతుంది. అయినాక గాజు. హెడ్మాస్టరుకు ఇచ్చింది అదే.

లేతు దగ్గరికి నేనెట్లా వచ్చినానో చెప్పాల. మా ఊళ్లో ఆచారి కొట్టం ఉండేది. మంచం కోళ్లు, బొంగరాలు, పప్పుగుత్తులు తరిమెన పట్టేవాడు. ఆ తరిమెనకు కరెంటు లేదు. ఒకరు తోలు తాడును అటూ ఇటూ లాగుతుంటే కట్టె తిరుగుతుంది, ఇంకొకరు ఉలి పడతారు. ఐదో తరగతి సెలవుల్లో తాడు లాగడానికి నన్ను పిలిచినాడు. రెండు నెలలు లాగినా. నా కళ్లు ఉలి మీదే. ఒకరోజు ఆయన బీడీకి లేచినప్పుడు ఉలి చేతిలోకి తీసుకున్నా. కట్టెకు ఆనించలేదు, ఉట్టినే పట్టుకున్నా. ఆయన వచ్చి చూసి కొట్టలేదు, తిట్టలేదు. ఉలి తీసుకుని నీళ్లు చల్లి, మూడుసార్లు కళ్లకద్దుకుని, "ఇది మీది గాదురా అబ్బయ్యా" అన్నాడు. మెత్తగా అన్నాడు. ఆ తాడు తోలు మా తాత ఊనింది. అది మాది.

కులం అంటే పని పంచుకోవడం కాదు, పనోళ్లను పంచి విడదీయడం అని అంబేద్కర్ 1936లో లాహోరు సభ కోసం రాసి, చదవనివ్వకపోతే అచ్చేసిన ఉపన్యాసంలో వాదించినాడు. బీయ్యేలో అది చదివినప్పుడు నాకు ఆ తాడూ ఆ ఉలీ కళ్లముందు కనబడినాయి. కోపం ఆచారి మీద కాదు, ఇప్పుడు. ఆయన కొడుకు మద్రాసులో ఫర్నిచరు ఫ్యాక్టరీలో కూలి. ఉలి వాళ్లను కూడా బతికించలేదు. డీఎస్సీలో ఉద్యోగమొచ్చి, రెండేళ్లకు అప్పులు తీరినాక, నేను చేసిన మొదటి దుబారా ఖర్చు పాత చిన్న లేతు. మద్రాసు నుంచి బస్సు మీద వేసి తెచ్చినా. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని సవతి అంటుంది.

ఇంక తిరుపతి సంగతి. ఇది రాయడానికి నాకు పదేళ్లు పైనే పట్టింది.

2011లో బీఈడీ. హాస్టలు సీటు ఆలస్యమైంది. రూము కోసం నాలుగు వీధులు తిరిగినా. "మీరేమిట్లు?" అని ముందే అడుగుతారు. మొదటి మూడు చోట్ల నిజం చెప్పినా. ఒకచోట అప్పుడే ఎవరికో ఇచ్చేసినామన్నారు. ఒకచోట మావాళ్లు ఒప్పుకోరన్నారు. మూడోచోట తలుపే వేసినారు. నాలుగోచోట ఇంకో కులం చెప్పినా. ఇంటామె తాళంచెవి ఇచ్చింది, పైగా తొలిరోజు చారు కూడా పంపింది.

మూడో నెలలో మా యమ్మ చెప్పాపెట్టకుండా వచ్చింది. ఎవరినో అడుక్కుంటా వీధి పట్టుకుంది. చంకన గుడ్డసంచిలో ఎండు రొయ్యలు. కాళ్లకు చెప్పుల్లేవు. నేను మెట్లు దిగేసరికి ఇంటామె గేటు దగ్గర నిలబడి "ఎవరబ్బా ఈమె?" అని నన్నడిగింది. మా యమ్మ నా వైపు చూసింది. నేను ఇంటామె వైపు చూసి, "మా ఊరామె. మా చేలో పనికొస్తాది" అన్నా.

మా యమ్మ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "అవునమ్మా, అబ్బాయిగారోళ్లమ్మ ఇచ్చి పంపిస్తే వచ్చినా" అంది. సంచి గేటు లోపల నేలమీద పెట్టింది. నాకివ్వలేదు, నేలమీద పెట్టింది. కూలోళ్లు ఎట్లా పెడతారో అట్లా. నీళ్లు కూడా తాగకుండా బస్టాండుకు నడిచింది. నేను వెనక పదిగజాల ఎడంతో పోయినా. బస్సు ఎక్కేముందు ఒక్కమాటంది. "రూము పోగొట్టుకోవాకరా."

నేను పుట్టకముందు 1985లో కారంచేడు. నేను పసిపిల్లోణ్ణిగా ఉన్నప్పుడు 1991లో చుండూరు. ఆ ఊళ్లు మాకు దూరమే, కానీ ఆ భయం మా వాడదాకా వచ్చింది. ఊరు దాటితే నోరు మూసుకోమని నేర్పిందే మా యమ్మ. ఆ రోజు తను నేర్పిన పాఠాన్ని తనే నాకంటే బాగా ఒప్పజెప్పింది.

ఇప్పుడు ప్రశ్న. కంతలు పూడ్చుకోవడం తప్పా?

నా స్నేహితుడొకడున్నాడు, ప్రకాశం జిల్లావాడు. 1994 జులై 7న ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు వాళ్ల నాయన అక్కడే ఉన్నాడు. మంద కృష్ణ పేరు పక్కన మాదిగ అని పెట్టుకున్నాక వాళ్ల నాయనా పెట్టుకున్నాడు, వీడూ పెట్టుకున్నాడు. తిట్టుగా వాడిన మాటను సంతకంలో రాసుకోవడం చిన్న సంగతి కాదు. మన సాహిత్యం కూడా ఆ ధైర్యం మీదే నిలబడింది. వాడు నాతో అంటాడు, "దాచుకున్నోడు వాళ్లకు సాయం చేసినట్టేరా. నువ్వు దాస్తే రేపు వచ్చేవాడు కూడా దాయాల." వాడి మాటలో బలముంది. వాడు ఊరికే అనడంలేదు, ఖర్చు పెట్టి అంటున్నాడు. పేరు వల్ల వాడికి మూడు ఊళ్లలో ఇల్లు దొరకలేదు, ఒక సంబంధం తప్పిపోయింది.

కానీ నేను వాణ్ణి అడిగినా, రేపు పొద్దున పరీక్ష ఉండి ఈ రాత్రికి తల దాచుకోవాల్సిన ఆడపిల్లకు ఈ మాట చెప్తావా అని. వాడు మాట్లాడలేదు. 1917లో బరోడాలో అంబేద్కరే దాచుకున్నాడు గదా. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి, రాజుగారి కొలువులో చేరడానికి పోతే ఆ ఊళ్లో ఉండడానికి చోటు లేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగినాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించినారు. ఏడ్చినాడు, తోటలోకి పోయి కూర్చున్నాడు. తన గురించి తనే రాసుకున్నాడు ఇదంతా, పేరు మార్చి చెప్పిన సంగతితో సహా. ఆయన ఆ సత్రపోనికి బాకీ పడినాడా? నాకట్లా అనిపించదు. అడగగూడని ప్రశ్న అడిగి, జవాబును బట్టి తలుపు తీసేవాడికి నిజం అడిగే హక్కు ఎక్కణ్ణుంచి వస్తుంది? నిజం కూడా ఒక బాకీ లాంటిదే అయితే, అప్పిచ్చినోడికే గదా తీర్చాల. ఆ ఇంటామెకు నేను బాకీ లేను. ఆమెకు చెప్పిన అబద్ధానికి నేను సిగ్గుపడను, ఇప్పుడు కూడా.

మరి ఎందుకు పదేళ్లు నిద్ర పట్టలేదు? నేను బాకీ ఉన్నది మా యమ్మకు. నా కులం దాచడానికి నేను వాడిన లప్పం మా యమ్మ. ఆమెను కూలామెను చేసి పూడ్చినా ఆ కంతను. ఇంటామెకూ నాకూ మధ్య జరిగిన బేరంలో ఖర్చయింది మూడో మనిషి.

పెన్ను సంగతీ అంతే. రోజ్‌వుడ్ అని నమ్మిన హెడ్మాస్టరుకు నష్టమేముంది? పెన్ను బాగా రాస్తుంది. కానీ ఆ అబద్ధం నిలబడాలంటే ఒక పిల్లోడు కూర్చోవాల్సి వచ్చింది. తిరుపతిలో నాకు తలమీద కప్పు లేదు, భయముంది. ఇక్కడ? ఉద్యోగముంది, సొంతిల్లుంది. దాచింది పొగడ్త కోసం. రెండూ ఒకటే అని నన్ను నేను మోసం చేసుకోలేను. దళితుడి అబద్ధమంతా బతుకుదెరువు అబద్ధమేనని మనం సులువుగా మాఫీ రాసుకుంటాం. యానాది పిల్లోడి ముందు నేను స్టేజీ మీదోణ్ణి. వాడు కింద. ఆ చూపు అక్కణ్ణుంచి వచ్చింది.

ఇక్కడ నామీద నాకే ఒక అనుమానం. కట్టెకు కులం లేదు. కంతలు దాని అవమానమూ కాదు, ఆత్మగౌరవమూ కాదు, నీటి దార్లు. దానిమీద నా బాధంతా నేనే రుద్దుతున్నానేమో. రాసేవాళ్లకు ఈ జబ్బుంటుంది.

అయినా చేతులు ఊరుకోవు గదా. లప్పం లేకుండా చేసి చూద్దామనుకున్నా. మా తాత గుర్తొచ్చినాడు. తాతకు లంద ఉండేది. సున్నంలో వెంట్రుక ఊడ్చి, తంగేడు చెక్క నీళ్లలో తోలు ఊనేవాడు. ఆ వాసనకు ఊరు ముక్కు మూసుకునేది, ఆ చెప్పులేసుకునే మొగం చిట్లించేది. తోలుకూ కంతలుంటాయి, వెంట్రుకలున్న చోట. తాత వాటిని పూడ్చేవాడు కాదు. ఆముదం పట్టించేవాడు, బొటనవేలితో, తోలు ఇంక తాగనని చెప్పేదాకా. అందుకని నేనూ తుమ్మ పెన్నుకు ఆముదం పట్టించినా. గొప్పగా అనిపించింది, తాత విద్య ఆచారి పనిలోకి తెచ్చినానని. నాలుగు రోజులు చూసినా. ఆరదే! పదిరోజులైనా జిడ్డే. పట్టుకుంటే చేతికంటుతుంది, కాగితానికంటుతుంది. ఆముదం గాలికి గట్టిపడే నూనె కాదు. చెప్పు మెత్తగా ఉండాల కాబట్టి తాతకు అదే సరిపోయింది. పెన్నుకు సరిపోదు. ఆరే నూనె కావాల, అవిసె నూనె, పెయింటు అంగడిలో కాచింది దొరుకుతుంది. పలచగా పట్టించి, పావుగంటాగి తుడిచేయాల, రోజుకొక పూత, నాలుగైదు రోజులు. ఆ తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయగూడదు. దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి తీగమీద ఆరేయాల.

నూనె పెన్ను గాజు మాదిరి మెరవదు. కంతలు కంతల్లాగే ఉంటాయి, లోపల రంగు మాత్రం లోతుగా తేలుతుంది. దీనికి కష్టం లేదా? ఉంది. చెమట దిగుతుంది, ఇంకు మరక దిగుతుంది, దుమ్ము చేరుతుంది. ఏడాదికోసారి మళ్లీ నూనె పట్టించాల. తెరిచిపెట్టుకున్నదానికి పోషణ ఎక్కువ. గాజు పూత పెన్నుకు ఏ పోషణా అక్కర్లేదు, పగిలేదాకా. ఇంకా చెప్పాలంటే లక్కపాలిషు లప్పం కూడా నిలబడదు. కొన్ని నెలలకు కుంగి, మెరుపు కిందనే కంతలు మళ్లీ గుంటలుగా కనబడతాయి. నా స్నేహితునికి చెప్తే "చూసినావా" అన్నాడు. వాడికి నూనె పెన్నిచ్చినా. జేబుకు మరకైందని గొణుక్కుంటా వాడతాన్నాడు.

ఇంకోటి మా యమ్మకు. మా యమ్మ సంతకం చేస్తుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో నడిచిన అక్షరాస్యత బళ్లలో నేర్చుకుంది. దూబగుంట ఆడోళ్లు 1992లో సారా మీద తిరగబడింది ఆ బళ్ల నుంచే. పెన్ను చేతికిస్తే వాసన చూసింది. గోటితో గీరింది. "తుమ్మ చేవ. కాలిస్తే మంచి బొగ్గయ్యుండు" అంది. నేను తిరుపతి మాట ఎత్తినా. ఎట్లెట్లో మొదలుపెట్టి ఎక్కడికో పోయినా. ఆమె మధ్యలోనే, "ఆ ఎండు రొయ్యలు తిన్నావా, ఆ యమ్మకిచ్చేసినావా?" అని అడిగింది. ఇచ్చేసినానని చెప్పినా. "నాకు తెలుసు" అంది. ఆ రొయ్యలు మా యమ్మ మూడురోజులు మోకాలి లోతు బురదలో చేత్తో దేవినవి. అంతకంటే ఆ మాట ముందుకు సాగలేదు. సాగనీయలేదు ఆమె.

హెడ్మాస్టరు ఇంటికీ పోయినా. "సార్, అది రోజ్‌వుడ్ కాదు, సర్కారు తుమ్మ" అని చెప్పినా. ఆయన కొంచెంసేపు చూసి, "అట్నా? ఏం పర్లేదులేవయ్యా. ఎవురన్నా అడిగితే రోజ్‌వుడ్డనే చెప్తాలే, నీకెందుకు చిన్నతనం" అన్నాడు. మంచి మనిషి. నిజంగానే నాకు మేలు చేస్తున్నాననుకున్నాడు. "వద్దు సార్, తుమ్మ అనే చెప్పండి" అంటే నవ్వి కాఫీ తెప్పించినాడు. ఏమని చెప్తున్నాడో నాకు తెలీదు.

పిల్లోడికి క్లాసులో అందరిముందూ చెప్పినా, నువ్వు చెప్పిందే నిజం, నేను నిన్నట్లా చూసుండగూడదు అని. పిల్లోళ్లు మొగమొగాలు చూసుకున్నారు. వాడికి ఏం చేయాలో తెలీక "సరే సార్" అన్నాడు. మూడో రోజు తుమ్మ మొద్దొకటి భుజాన వేసుకుని వచ్చినాడు. ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికొస్తాడు. లేతు దగ్గర మొదట వాడి చేతికి ఉలే ఇచ్చినా. రెండు ముక్కలు పగలగొట్టినాడు, మూడోది నిలబెట్టినాడు.

దానికి నూనె పట్టిద్దామని డబ్బా తీస్తే వాడు వద్దన్నాడు.

"నాది అద్దం మాదిరి చెయ్యండి సార్. హెడ్మాస్టరు సారుకు చేసినట్టు."

నేను వాడికి చెప్పబోయినా. కంతలు, నీటి దార్లు, తాత, లంద, అన్నీ నోటిదాకా వచ్చినాయి. వాడు పెన్నును వెలుతురుకు పట్టుకుని ఒక్కో కంతా చూస్తున్నాడు.

"అడిగితే ఏం చెట్టంటావురా?" అన్నా.

"తుమ్మేగా సార్, ఇంకేం చెప్తా?" అన్నాడు, నాకేం తెలీదన్నట్టు చూసి.

ఉప్పు కాగితం కింద రాలిన పొడిని కాగితం మీదికి ఎత్తినా. బంక చుక్కలు ఎన్ని వేయాలో వాణ్ణే లెక్కబెట్టమన్నా.